30 మి.లీ. ఫౌండేషన్, ఎస్‌పీఎఫ్ 30 పీఏ+++: సీసా మీద ఏం వేయాలి, పెట్టె మీద ఏం వేయాలి?

అడిగినవారు: హరిత_బెంగళూరు

అందరికీ నమస్కారం. పీణ్యలో ఒక కాంట్రాక్ట్ తయారీదారు దగ్గర మా బ్రాండు పేరుతో లిక్విడ్ ఫౌండేషన్ చేయిస్తున్నాం. గాజు సీసా, లోషన్ పంపు, 30 మి.లీ. సీసా గుండ్రం, వ్యాసం 32 మి.మీ. బయట కార్టన్ 40 × 40 × 115 మి.మీ. షేడ్లు 8. ఎంఆర్‌పీ 549 రూపాయలు. ముందువైపు "ఎస్‌పీఎఫ్ 30 పీఏ+++" అని పెద్దగా రావాలని డిజైనర్ అంటున్నారు (ఎస్‌పీఎఫ్ అంటే ఎండకి చర్మం కాలకుండా కాపాడే స్థాయి, పీఏ అంటే యూవీఏ కిరణాల నుంచి రక్షణ స్థాయి). ప్రింటరు ఫైనల్ ఆర్ట్‌వర్క్ అడుగుతున్నాడు. అది ఇచ్చేలోగా ఈ నాలుగు సంగతులు తేలాలి.

సీసా మీద తప్పనిసరిగా ఏముండాలి, పెట్టె మీదకు ఏం నెట్టేయొచ్చు? ఎస్‌పీఎఫ్ పరీక్ష ఒక్క షేడ్‌కి చేయించాం, 33.4 వచ్చింది, యూవీఏ 8.6. ఇది 8 షేడ్లకీ చెల్లుతుందా? లేబుల్ మీద కన్నడం ఉండాలా? చివరిది, లేత గోధుమ రంగు కాగితం మీద ముదురు గోధుమ అక్షరాలు, 4.5 పాయింట్ సైజు. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

---

రూల్స్‌బుక్_జయనగర్

హరిత గారూ, మన దేశంలో సన్‌స్క్రీన్ కలిసిన ఫౌండేషన్ కాస్మెటిక్ కిందకే వస్తుంది. అంటే మీ లేబుల్‌ని రెండు నిబంధనలు చూస్తాయి. ఒకటి కాస్మెటిక్స్ రూల్స్ 2020. రెండోది, ప్యాకెట్ సరుకుల కొలత, ధర వివరాలు చూసే లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011. చాలామంది డిజైనర్లు రెండో దాన్ని మాత్రమే చూసి పని అయిపోయిందనుకుంటారు. అక్కడే లేబుల్ తిరిగొస్తుంది.

సీసా, పెట్టె రెండింటి మీదా రావాల్సినవి: ఉత్పత్తి పేరు, తయారీదారు పేరు, సరుకు నిజంగా తయారైన ఫ్యాక్టరీ పూర్తి చిరునామా, "యూజ్ బిఫోర్" నెల-సంవత్సరం. మీ కంపెనీ పేరు "మార్కెటెడ్ బై" అని ఎంత పెద్దగా వేసుకున్నా ఫ్యాక్టరీ చిరునామాకి అది బదులు కాదు. పీణ్య ఫ్యాక్టరీ తన సొంత లైసెన్సు మీద చేస్తుంటే ఆ కాస్-8 (తయారీ లైసెన్సు ఫారం) నంబరు "ఎం.ఎల్. నం." అనే మాట తర్వాత రావాలి. మీరు లోన్ లైసెన్సు (వేరేవాళ్ల ఫ్యాక్టరీలో చేయించుకునే అనుమతి) తీసుకుని అక్కడ చేయిస్తుంటే అది కాస్-9, నంబరు వేరు. ఆర్ట్‌వర్క్ కంటే ముందు లైసెన్సు కాపీ తెప్పించుకుని, అందులో మీ ఉత్పత్తి పేరు ఎక్కిందో లేదో చూడండి. లైసెన్సులో ఒక పేరు, పెట్టె మీద మరో పేరు ఉండడం తనిఖీల్లో మాటిమాటికీ దొరికే లోపం.

బ్యాచ్ నంబరుకి చిన్న ప్యాక్ మినహాయింపు ఉంది కానీ అది ద్రవాల్లో 25 మి.లీ. వరకే. మీది 30, కాబట్టి వర్తించదు. పదార్థాల జాబితాకి 60 మి.లీ. వరకు మినహాయింపు ఉంది, కానీ దయచేసి దాన్ని వాడుకోకండి. సన్‌స్క్రీన్ ఫిల్టర్లు (ఎండ కిరణాల్ని ఆపే పదార్థాలు) పడనివాళ్లు, సువాసన పడనివాళ్లు కొనేముందు చూసుకునేది ఆ జాబితానే. పెట్టె మీద చోటుంది, వేయండి.

వాడే విధానం, హెచ్చరిక సీసా మీదే ఉండాలి, ఎందుకంటే పెట్టెని మొదటి రోజే పారేస్తారు. బ్యాచ్, లైసెన్సు నంబర్లు కూడా సీసా మీద వేయమనే నా సలహా. ఫిర్యాదు వచ్చినప్పుడు వినియోగదారు చేతిలో ఉండేది సీసా ఒక్కటే.

పెట్టె మీద మెట్రాలజీ వివరాలు: నికర పరిమాణం 30 మి.లీ., తయారైన నెల-సంవత్సరం, ఎంఆర్‌పీ "అన్ని పన్నులతో కలిపి" అన్న మాటతో, కస్టమర్ కేర్ పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్. వీటికి తోడు యూనిట్ ధర: 549ని 30తో భాగిస్తే మి.లీ.కి 18.30 రూపాయలు. పైసలు రెండు అంకెల వరకు. "బెస్ట్ బిఫోర్ 24 మంత్స్ ఫ్రమ్ మాన్యుఫ్యాక్చర్" అని వదిలేయకండి, కాస్మెటిక్‌కి గడువు నెల, సంవత్సరం నేరుగా కనిపించాలి.

కన్నడం గురించి. మెట్రాలజీ వివరాలు హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ఉండాలి, వాటికి అదనంగా ఏ భాషైనా వేసుకోవచ్చు. అయితే మీ సరుకు కర్ణాటకలోనే తయారవుతోంది. 2022 నాటి కన్నడ భాషా సమగ్ర అభివృద్ధి చట్టం ప్రకారం, రాష్ట్రంలో తయారై లేబుల్ మీద చోటున్న సరుకుల మీద ఉత్పత్తి పేరు, వాడే విధానం వీలైనంత మేరకు కన్నడంలో కూడా ఉండాలి. 115 మి.మీ. పెట్టెకి చోటు లేదనడం కుదరదు. ఒక పక్క పూర్తిగా దానికే కేటాయించండి.

శాకాహార గుర్తు, అంటే ఆకుపచ్చ చుక్క వేస్తుంటే బీస్‌వ్యాక్స్, లానోలిన్, కార్మైన్ లేవని చూసుకోవడంతో సరిపోదు. స్టియరిక్ యాసిడ్, గ్లిజరిన్ జంతువుల కొవ్వు నుంచి కూడా వస్తాయి. ఒక్కో ముడిసరుకుకీ సరఫరాదారు లేఖ ఫైల్లో ఉండాలి.

---

ల్యాబ్‌కోటు

33.4, 8.6 అంకెల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే లేబుల్ మీద అన్నిటికంటే బరువైన మాట అదే. మిగతావి తప్పితే నోటీసు వస్తుంది. ఇది తప్పితే ఎండలో ఒకరి చర్మం కాలుతుంది.

ముందు ఆ రిపోర్టు ఏ పద్ధతిదో చూడండి. ఐఎస్‌ఓ 24444 అని ఉంటే మనుషుల మీద చేసిన పరీక్ష. కనీసం 10 మంది ఫలితాలు ఉండాలి, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) సగటుకి అటూ ఇటూ 17 శాతం లోపల పడాలి. ఆ పేజీ రిపోర్టులో లేకపోతే ల్యాబ్‌ని అడిగి తెప్పించుకోండి. ప్లేటు మీద పూసి యంత్రంతో కొలిచిన ఇన్ విట్రో అంకె ఒక్కటే చేతిలో ఉంటే, ఫార్ములా సరిచూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే అంకెకి మనుషుల మీద చేసిన పరీక్షే ఉండాలని నా మాట.

33.4 వస్తే కిందికి దించి 30 అని వేయడం సరైనదే. పీఏ గుర్తు జపాన్ పద్ధతి: యూవీఏ విలువ 2 నుంచి 4 లోపు ఒక ప్లస్, 4 నుంచి 8 లోపు రెండు, 8 నుంచి 16 లోపు మూడు, 16 ఆపైన నాలుగు. మీ 8.6 మూడు ప్లస్‌లకి చాలుతుంది, కానీ అంచు మీద ఉంది. యూరప్‌లో అయితే యూవీఏ విలువ ఎస్‌పీఎఫ్‌లో మూడో వంతు ఉండాలి, 30కి అది 10. అంటే మీ ఫార్ములాకి పీఏ+++ వస్తుంది, యూరప్ వాళ్ల గుండ్రటి యూవీఏ గుర్తు రాదు. డిజైనర్ ఇంటర్నెట్‌లో చూసి ఆ గుర్తు కూడా అతికించేస్తే ఒప్పుకోకండి. అలాగే "ఎస్‌పీఎఫ్ 30+++" అని కలిపి రాయొద్దు. ప్లస్‌లు పీఏకి చెందినవి, ఎస్‌పీఎఫ్‌కి కావు.

ఇక 8 షేడ్లు. ఒక్క షేడ్ రిపోర్టు మిగతా ఏడింటికీ తనంతట తాను చెల్లదు. లేత షేడ్‌లో పిగ్మెంట్ టైటానియం డయాక్సైడ్ ఎక్కువ, ముదురు షేడ్‌లో అది తగ్గి ఐరన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. రెండూ యూవీని కొంత ఆపుతాయి కానీ ఒకే మేరకు కాదు, ఒకే తరంగాల దగ్గరా కాదు. మీ 33.4 లేత షేడ్‌దైతే ముదురు షేడ్‌లో 30 కిందికి పడిపోయే అవకాశం నిజంగా ఉంది. ఖర్చు అదుపులో ఉండాలంటే ఇలా చేయండి: 8 షేడ్లకీ ఇన్ విట్రో ఎస్‌పీఎఫ్, ఐఎస్‌ఓ 24443 యూవీఏ చేయించండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన షేడ్‌ని 24444కి పంపండి. అందులో వచ్చిన అంకెనే 8 పెట్టెల మీదా వేయండి. ఒకవేళ 26 వచ్చిందనుకోండి, అన్నిటి మీదా 25 వేయండి, లేదా ముదురు షేడ్ల ఫార్ములాలో ఫిల్టర్ పెంచి మళ్లీ పరీక్షకి ఇవ్వండి. ఒకే వరుసలో ఉన్న షేడ్లకి వేర్వేరు ఎస్‌పీఎఫ్ వేస్తే కొట్టులో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ తికమక పడతారు.

పరీక్షలో చర్మం మీద పూసేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు. ముఖం సుమారు 600 చ.సెం.మీ. అనుకుంటే 1.2 గ్రాములు. ఫౌండేషన్‌ని అంత మందంగా పూసేవాళ్లు చాలా అరుదు. పూత సగానికి తగ్గితే రక్షణ సగానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి పోతుంది. మీ పంపు పది నొక్కులు తూచి పదితో భాగించండి. నొక్కుకి 0.2 గ్రా. వస్తే, పెట్టె మీది అంకె నిజం కావడానికి 6 నొక్కులు కావాలి. సాంద్రత 1.1 అయితే 30 మి.లీ. సీసాలో 33 గ్రాములు, అంటే సుమారు 27 పూతలకే సీసా ఖాళీ. ఇది తెలిసి కూడా వాడే విధానంలో "కొద్దిగా తీసుకుని ముఖమంతా పరచండి" అని రాస్తే, ముందువైపు అంకెని వెనకవైపు మనమే కొట్టేసినట్టు అవుతుంది. నేనైతే ఇలా రాయిస్తాను: "ఎండలోకి వెళ్లే 15 నిమిషాల ముందు ముందుగా సన్‌స్క్రీన్ రాసుకుని, దానిపై ఈ ఫౌండేషన్ వాడండి. ఎక్కువసేపు ఎండలో ఉంటే ప్రతి రెండు గంటలకీ సన్‌స్క్రీన్ మళ్లీ రాసుకోండి. ఇది ఒక్కటే పూర్తి ఎండ రక్షణ ఇవ్వదు." సన్‌స్క్రీన్ 30, ఫౌండేషన్ 30 కలిస్తే 60 అవుతుందనే అర్థం వచ్చే మాట ఎక్కడా రానివ్వకండి.

"సన్‌బ్లాక్", "100 శాతం రక్షణ", "రోజంతా రక్షణ" కూడా వద్దు. ఐరన్ ఆక్సైడ్లు కనిపించే వెలుతురుని కొంత ఆపుతాయి, మంగు ఉన్నవాళ్లకి రంగున్న సన్‌స్క్రీన్ మేలని చర్మవైద్యులు చెప్పేది అందుకే. అలాగని లేబుల్ మీద "మంగు మచ్చలు తగ్గిస్తుంది" అని వేస్తే అది చికిత్స మాట, సరుకు కాస్మెటిక్ గీత దాటి మందుల వైపు వెళ్లిపోతుంది.

పదార్థాల జాబితా రాసేటప్పుడు ఒక చోట అందరూ జారతారు: రెడీమేడ్ డిస్పర్షన్లు, అంటే నూనెలాంటి ద్రవంలో ముందే కలిపి అమ్మే పొడులు. ఫార్ములా షీటులో "జింక్ ఆక్సైడ్ డిస్పర్షన్ 10 శాతం" అని ఉంటుంది. దాన్ని అలాగే ఒక పదార్థంగా రాయకూడదు. సరఫరాదారు నుంచి విడి శాతాలు తీసుకోండి. అందులో జింక్ ఆక్సైడ్ 40 శాతమైతే మీ ఫార్ములాలో అది 4 శాతమే. మిగతా 6 శాతం ఎస్టర్, పూత పదార్థం, డిస్పర్సెంట్‌లకి పంచాలి. అదే ఎస్టర్ ఫార్ములాలో మరోచోట కూడా ఉంటే రెండూ కూడాలి. అలా కూడాక ఎక్కువ నుంచి తక్కువకి వరుస. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. రంగులు చివర్లో సీఐ (కలర్ ఇండెక్స్) నంబర్లతో: తెలుపు 77891, ఎరుపు 77491, పసుపు 77492, నలుపు 77499. వాడదగిన రంగుల జాబితా భారత ప్రమాణం ఐఎస్ 4707 మొదటి భాగంలో, ఫిల్టర్ల పరిమితులు రెండో భాగంలో ఉంటాయి. మీ ఫార్ములాని వాటితో పక్కపక్కన పెట్టి సరిచూడమని తయారీదారుని రాతపూర్వకంగా అడగండి.

---

డైకట్_రాజాజీనగర్

ప్రింటు వైపు మాట. 4.5 పాయింట్ అసలు వద్దు. మెట్రాలజీ వివరాల్లో అక్షరం ఎత్తు 1 మి.మీ. కంటే తగ్గకూడదు. హెల్వెటికాలో చిన్న "ఎక్స్" ఎత్తు 6 పాయింట్ దగ్గర సుమారు 1.1 మి.మీ., 5 పాయింట్ దగ్గర 0.92. అంటే 5లోనే తప్పిపోయింది. 6 కింద దిగకండి. వెడల్పు కూడా ఎత్తులో మూడో వంతుకి తగ్గకూడదు కాబట్టి నొక్కేసిన కండెన్స్‌డ్ ఫాంట్లతో చోటు మిగుల్చుకోవాలని చూడకండి. ముదురు నేల మీద తెల్ల అక్షరాలైతే 7 పాయింట్, బోల్డ్. లేకపోతే ఇంకు చుట్టూ పాకి అక్షరాలు పూడిపోతాయి.

లేత గోధుమ మీద ముదురు గోధుమ కంటికి బాగానే ఉంటుంది, బార్‌కోడ్‌కి ప్రమాదం. స్కానర్ వెలుగు ఎరుపు. ఎరుపు పాలు ఎక్కువున్న గోధుమ గీతల్ని అది తెలుపుగా చూస్తుంది. గీతలు నలుపు లేదా ముదురు నీలం, వెనక తెల్లటి గడి. రోజ్ గోల్డ్ ఫాయిల్ మీద అసలే వద్దు, మెరుపుకి చదవదు. ఈఏఎన్-13 (కొట్లలో వాడే 13 అంకెల బార్‌కోడ్) పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., 80 శాతం వరకు తగ్గించొచ్చు. మీ 40 మి.మీ. పక్కకి 80 శాతమే సుఖం. ఎడమ 11, కుడి 7 మాడ్యూళ్ల (అతి సన్నని గీత వెడల్పు ఒక మాడ్యూల్) ఖాళీ వదలాలి, డిజైనర్లు మొదట తినేసేది ఆ ఖాళీనే. 8 షేడ్లకి 8 నంబర్లు. సీసా మీద బార్‌కోడ్ అక్కర్లేదు. వేయాల్సి వస్తే 32 మి.మీ. గుండ్రానికి గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా రావాలి.

సీసా చుట్టుకొలత 100.5 మి.మీ. లేబుల్ పొడవు 97 పెట్టి 3.5 ఖాళీ వదలండి. పారదర్శక గాజు మీద అంచు మీద అంచు ఎక్కితే అసహ్యంగా కనిపిస్తుంది. కాగితం లేబుల్ వద్దు. ఈ సరుకులో సిలికోన్ నూనెలు, ఆర్గానిక్ (రసాయన) ఫిల్టర్లు ఉంటాయి. ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ లాంటివి మంచి ద్రావకాలు కూడా. పంపు మూతి నుంచి కారిన ఒక్క చుక్క ఇంకుని కరిగిస్తుంది, అవోబెంజోన్ ఉంటే పసుపు మరక మిగులుతుంది. పీపీ (ప్లాస్టిక్) ఫిల్మ్, పైన లామినేషన్ లేదా యూవీ వార్నిష్ పెట్టించండి. ఆర్డరు ఇచ్చేముందు మీ సరుకునే లేబుల్ మీద, అంచుల మీద పూసి 45 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఉంచండి. తీసి పొడిగుడ్డతో గట్టిగా 20 సార్లు రుద్దండి. అక్షరం చెదిరినా, అంచు లేచినా ఆ లేబుల్ పనికిరాదు.

బ్యాచ్, తేదీలు, ఎంఆర్‌పీ ప్యాకింగ్ లైన్ మీద కొట్టేవి కదా, ఆ చోట వార్నిష్ వేయొద్దని ఆర్ట్‌వర్క్‌లో విడి లేయర్ పెట్టాలి. వార్నిష్ మీద ఇంక్‌జెట్ ఇంకు ఆరదు, బొటనవేలితో తుడిస్తే పోతుంది. కార్టన్ మీద 35 × 18 మి.మీ. కిటికీ వదిలితే నాలుగు వరుసలు హాయిగా పడతాయి.

కన్నడం పక్కని కన్నడం చదవగలిగినవాళ్లతో టైప్ చేయించి, వాళ్లతోనే ప్రూఫ్ దిద్దించండి. తెలుగులాగే ఒత్తులు ఫాంటు మారితే విడిపోయి పక్కకి పడతాయి. ఫైల్ ఇచ్చేముందు అక్షరాలన్నీ ఫాంటు అక్కర్లేని గీతలుగా, అంటే కర్వ్స్‌లోకి మార్చి, పీడీఎఫ్‌ని కంప్యూటర్ తెర మీద కాకుండా అసలు సైజులో ముద్రించి చూడాలి.

---

హరిత_బెంగళూరు

చాలా ఉపయోగపడిందండీ. ల్యాబ్‌కోటు గారూ, మీరు అనుకున్నట్టే పరీక్షకి ఇచ్చింది రెండో లేత షేడ్. మిగతా ఏడింటినీ ఇన్ విట్రోకి పంపుతున్నాం. ఇంకో రెండు అడగాలి. 8 షేడ్లకీ ఒకే కార్టన్ కొట్టించి, షేడ్ పేరు, బార్‌కోడ్ స్టిక్కర్‌గా అంటించొచ్చా? ఇదే పెట్టెతో అమెరికాలో ఉన్న ఒక తెలుగు వాళ్ల దుకాణానికి 200 పీసులు పంపొచ్చా?

---

రూల్స్‌బుక్_జయనగర్

షేడ్ పేరు, బార్‌కోడ్ స్టిక్కర్ మీద పెట్టుకోవచ్చు, అవి మెట్రాలజీ అడిగే వివరాలు కావు. కానీ ఎంఆర్‌పీ, పరిమాణం, చిరునామా లాంటివి స్టిక్కర్‌తో చేర్చడం, మార్చడం కుదరదు. ధర తగ్గించినప్పుడు మాత్రం తక్కువ ధర స్టిక్కర్ అంటించొచ్చు, అదీ పాత ధరని కప్పకుండా. ధర పెంచాలంటే కొత్త ముద్రణే. అందుకే ధరని పెట్టె మీద ముందుగా అచ్చు వేయించకుండా, బ్యాచ్‌తో పాటు లైన్ మీద కొట్టించండి. అప్పుడు యూనిట్ ధర కూడా దాంతోనే మారుతుంది. ధర మార్చి 18.30 అలాగే వదిలేసిన పెట్టెలు మార్కెట్లో బోలెడు కనిపిస్తాయి.

ఒకే కార్టన్ అయితే జాబితా చివర "మే కంటైన్" అని పెట్టి షేడ్‌ని బట్టి మారే రంగులు రాయడం వాడుకలో ఉంది. అన్ని షేడ్లలోనూ ఉండే రంగుల్ని అందులో కలపకండి.

అమెరికాకి ఈ పెట్టె పంపకండి. అక్కడ ఎస్‌పీఎఫ్ ఉన్న ఫౌండేషన్ కాస్మెటిక్‌తో పాటు డ్రగ్ కూడా. "డ్రగ్ ఫ్యాక్ట్స్" గడి, అందులో యాక్టివ్ పదార్థాలు శాతాలతో విడిగా, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో నమోదు, అక్కడ అనుమతించిన ఫిల్టర్లే ఉండాలి. పీఏ గుర్తుకి అక్కడ స్థానం లేదు, క్రిటికల్ వేవ్‌లెంగ్త్ (యూవీ శోషణలో 90 శాతం పూర్తయ్యే తరంగదైర్ఘ్యం) 370 నానోమీటర్లు లేదా ఆపైన ఉంటే "బ్రాడ్ స్పెక్ట్రమ్" అంటారు. 200 పీసులైనా 2 లక్షలైనా నిబంధన ఒకటే.

---

ల్యాబ్‌కోటు

అమెరికా ఆలోచన నిజంగా ఉంటే ఇప్పుడే ఫార్ములాలో ఫిల్టర్లు చూసుకోండి. అవోబెంజోన్ యూరప్‌లో 5 శాతం వరకు, అమెరికాలో 3 వరకే. ఆక్టినాక్సేట్ యూరప్‌లో 10, అమెరికాలో 7.5. ఇంకొకటి, మీ ఫార్ములాలో ఈ రెండూ కలిసే ఉంటే ఎండలో ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి, ఆక్టోక్రిలీన్ లాంటి స్థిరపరిచే ఫిల్టర్ ఉందో లేదో అడగండి. యూవీఏ 8.6 అంచు మీద ఉండడానికి కారణం అదే కావచ్చు. 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు ఉంచిన శాంపిల్‌ని కూడా ఇన్ విట్రోకి పెట్టండి. అందులో 8 కిందికి పడితే పెట్టె మీద రెండు ప్లస్‌లే వేయాలి.

---

డైకట్_రాజాజీనగర్

ఆ ఫలితం వచ్చేదాకా కార్టన్ ముద్రణ ప్లేట్లు తీయించకండి హరిత గారూ. తొందరైతే సీసా లేబుల్ ముందు వేయించండి, ఎస్‌పీఎఫ్ అంకెని దాని మీద పెట్టకుండా పెట్టె మీదే ఉంచితే ఆలస్యం ఒక్క కార్టన్‌కే పరిమితమవుతుంది. ప్రింటరుకి ఇచ్చే కాగితం మీద వెర్షన్ నంబరు, తేదీ, మీ సంతకం, తయారీదారు సంతకం మూడు చోట్లా ఉండాలి: ముందు ప్యానెల్, జాబితా ప్యానెల్, కన్నడం ప్యానెల్.